పులికాట్‌లో ఏకాదశి

ఏకాదశి ఉపవాసం ఉండేవాళ్లు నా కారెక్కితే నాకు మొన్నటిదాకా పండగే. టిఫిన్‌కు ఆపమనరు. ఈ హోటల్లో నూనె బాగాలేదు, ఆ హోటల్లో ఉల్లిపాయ వేశారు అని గొణగరు. మధ్యాహ్నం భోజనానికి పోయే గంటన్నర మిగులుతుంది. ఆ గంటన్నరలో ఇంకో చోటు చూపించి మంచి పేరు కొట్టేస్తాను. మాఘమాసంలో ఆ రోజు దాకా నా లెక్క అలాగే నడిచింది.

నా పేరు జయంతి. మాది తిరుపతి. సొంత కారుంది, దాన్ని నేనే నడుపుతాను, దారి పొడవునా నేనే మాట్లాడతాను. ఒక రోజుకు ఒకే కుటుంబం. పొద్దున పాత ఊరు, మధ్యాహ్నం కొత్త ఊరు. పులికాట్ సరస్సు ఒడ్డున నాలుగు వందల ఏళ్ల కిందటి డచ్చివాళ్ల రేవుపట్నం చూపిస్తాను. అక్కడినుంచి ఫ్యాక్టరీల శ్రీ సిటీకి తీసుకుపోయి, చీకటి పడేలోపు ఇంటి ముందు దింపుతాను. "ఆడమనిషి ఒక్కతే కారేసుకుని తమిళనాడు దాకా పోతుందంట" అని మా వీధిలో చెప్పుకున్నవాళ్ల నోళ్లు మూతపడటానికి మూడేళ్లు పట్టింది. నాకూ నోరుంది కాబట్టి మూడేళ్లలో అయింది, లేకపోతే ఇంకా పట్టేది.

ఆ రోజు నా కారెక్కినవాళ్లు దేవనాథన్‌గారు, ఆయన భార్య పంకజవల్లిగారు. గోవిందరాజస్వామి గుడి వెనక వీధిలో ఇల్లు. ఆయన బడిలో చరిత్ర పాఠం చెప్పి రిటైరయ్యారు. డెబ్బై రెండేళ్లు, సన్నటి మనిషి, తీర్చిదిద్దిన నామం, ఇస్త్రీ పంచె, భుజాన ఉత్తరీయం. చేతిలో ఒక నోటుపుస్తకం. యాత్ర మాట్లాడింది వాళ్ల అబ్బాయి పద్మనాభ్. వాళ్లతోనే ఉంటాడు, తెల్లవారి ఐదింటికల్లా కంపెనీ బస్సెక్కి శ్రీ సిటీలో ఫ్యాక్టరీకి పోతాడు. ఉద్యోగుల ఇంటివాళ్లను లోపలికి రానిచ్చేది ఏడాదికి ఒక్క రోజు. ఆ రోజు ఏకాదశి అయింది. పాసు మీద మధ్యాహ్నం మూడు గంటలు అని ఉంది.

"మాకు టిఫినూ భోజనం గొడవ లేదమ్మా. ఇద్దరం ఉపవాసం. ఈయనైతే పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు" అన్నారు పంకజవల్లిగారు కారెక్కుతూనే.

"పెళ్లయిన నాటినుంచీ, నలభై ఏడేళ్లుగా ఇద్దరం ఒక్క ఏకాదశి తప్పలేదు" అన్నారు దేవనాథన్‌గారు. ఆ మాటలో కొంచెం గర్వం ఉంది. నలభై ఏడేళ్ల సంసారం గురించి ఎవరైనా అంతమాత్రం గర్వపడతారులే అనుకున్నాను. లోపల మాత్రం గంటన్నర మిగిలిందని సంబరపడ్డాను.

సత్యవేడులో నాకు ఆకలై కారు ఆపాను. వాళ్ల ముందు తినడం బాగుండదని బండి చాటుకు పోయి నిలబడి నాలుగు ఇడ్లీలు మింగాను. తిరిగి చూస్తే దేవనాథన్‌గారు వెనక సీట్లో ఒక పట్టీలోంచి మాత్ర తీసి, మూత ఉన్న చిన్న వెండి గిన్నెలోని తీర్థంతో వేసుకుంటున్నారు.

"ఉపవాసమన్నారు కదా సార్" అన్నాను చేతులు తుడుచుకుంటూ.

"ఉపవాసానికి మందు అడ్డం కాదమ్మా. మందు అన్నం కాదు, పండు కాదు. శాస్త్రం ఒప్పుకుంటుంది" అన్నారు, క్లాసులో వెనక బెంచీవాడికి చెప్పినట్టు.

ఆ పట్టీని నేను ఎక్కడో చూశాను. అదేం మాత్ర అని అడగడానికి నోటిదాకా వచ్చింది. అడిగితే ఆయన ఇంకో పావుగంట శాస్త్రం చెబుతారని భయమేసి కారు స్టార్ట్ చేశాను. ఊళ్లోవాళ్లందరికీ సమాధానం చెప్పే నోరు, అడగవలసిన ఒక్క మాట దగ్గర మూసుకుంది.

పులికాట్ చేరేసరికి తొమ్మిదిన్నర. డచ్చివాళ్ల శ్మశానం గేటు దాటగానే దేవనాథన్‌గారి ముఖం వెలిగిపోయింది. రాతిమీద చెక్కిన ఎముకల బొమ్మలను వేళ్లతో తడిమారు. సమాధుల మీది తేదీలన్నీ నోటుపుస్తకంలో రాసుకున్నారు. నేను చెప్పవలసిన పాఠం ఆయనే చెప్పారు. ఇక్కడినుంచి అద్దకం బట్టలు ఓడలకెక్కి ఎన్ని దేశాలు పోయాయో, వాటికోసం ఎవరు ఎవరితో కొట్లాడారో.

"నలభై ఏళ్లు ఈ ఊరి గురించి పిల్లలకు చెప్పినాను జయంతీ. ఊరు సూడలేదు. పుస్తకంలో రెండే రెండు వాక్యాలు ఉండాయి. ఆ రెండింటితోనే నలభై ఏళ్లు నెట్టుకొచ్చినాను" అన్నారు. నాకు ఆయన నచ్చారు. చెప్పాలంటే, నా చుట్టాలకంటే నచ్చారు.

పదకొండుకల్లా చూడవలసినవి అయిపోయాయి. భోజనం లేదు. గంటన్నర నా చేతిలో ఉంది.

"ఆ కాలంలో ఓడలు యాడ ఆగేవో నీళ్లమీద నుంచి సూస్తే బాగుంటుంది" అన్నారాయన సరస్సువైపు చూస్తూ.

రేవు దగ్గర బోర్డు ఉంది, సందర్శకులను పడవ ఎక్కించకూడదని. ఆ బోర్డు పక్కనే ఏబెల్ వల బాగు చేసుకుంటున్నాడు. నాలుగేళ్లుగా నాకు తెలిసిన మనిషి. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం. తెలిసినవాళ్లనైతే చిన్న మోటారు పడవలో ఒక చుట్టు తిప్పుతాడు.

"గాలి బయటికి తోస్తా ఉండాదక్కా. నీళ్లు తగ్గతాయి. ఇంకో పొద్దు వస్తే మేలు" అన్నాడు ఏబెల్.

"ఇంకో పొద్దు వీళ్లు యాడొస్తారు అబ్బా. అరగంటలో వచ్చేద్దాం" అన్నాను. సార్ అప్పటికే పంచె ఎగగట్టుకుని పడవ అంచు పట్టుకున్నారు.

ఇరవై నిమిషాలు బాగానే పోయింది. కొంగలు, దూరంగా ఎర్రటి గీతలా రాజహంసలు, వెనక్కి జరిగిపోతున్న ఊరు. సార్ ఒడ్డువైపు చూసి కోట ఎక్కడుండేదో చేత్తో గీసి చూపించారు. ఆ తర్వాత అడుగున ఏదో రాసుకున్న చప్పుడైంది. మోటారు రెండుసార్లు మూలిగి ఆగింది. ఏబెల్ గెడకర్ర దించి చూశాడు. మోకాలి లోతు నీళ్లు, కింద బురద మేట.

"పట్టుకుండాది అక్కా" అన్నాడు తాపీగా.

వాడు దిగి తోశాడు. పడవ కదల్లేదు. ఫోను తీశాను, సిగ్నల్ లేదు. ఒడ్డు కనిపిస్తూనే ఉంది, రెండు కిలోమీటర్లు ఉంటుంది. దిగి నడవడానికి అది నేల కాదు, కాలు పెడితే తొడదాకా లాగే బురద. చుట్టుపక్కల ఇంకో పడవ లేదు.

"మూడింటికి గేటు దగ్గరుండాల" అన్నారు పంకజవల్లిగారు నెమ్మదిగా.

"ఉంటామమ్మా" అన్నాను. నా భయమంతా అప్పటికి ఆ మూడు గంటల గురించే.

ఊరికే కూర్చుంటే కంగారు పడతారని నేను కబుర్లు మొదలుపెట్టాను. ఈ పక్షులు ఎక్కడినుంచి వస్తాయి, ఎన్ని నెలలుంటాయి అని. సార్ గభాలున నావైపు తిరిగారు.

"నోరు ముయ్యి. అన్నీ తప్పులే సెప్తా ఉండావు."

పొద్దుటినుంచి అమ్మా, జయంతీ అని తప్ప పిలవని మనిషి. నా చెవులు వేడెక్కాయి. అంతలో ఏబెల్ తన నీళ్ల సీసా తీసి, "ఒక గుక్క తాగండి సార్, ఎండగా ఉండాది" అని ఇవ్వబోయాడు. సార్ ముఖం తిప్పుకుని చేతి వెనకవైపుతో ఆ సీసాను తోసేశారు.

నా కోపం నాలుకమీదే ఉంటుంది. "ఏబెల్ నీళ్లు ముట్టుకున్నంత మాత్రాన మీకేం మైల అంటదులెండి సార్" అన్నాను.

పంకజవల్లిగారు తలవంచుకున్నారు. ఏబెల్ ఏం విననట్టు మళ్లీ నీళ్లలోకి దిగాడు. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా నాయన ఊరికే అనేవాడా. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంది.

ఎందుకంటే నేను చూడవలసింది అది కాదు. ఒడ్డువైపునుంచి చల్లగాలి కొడుతోంది. నేను చున్నీ భుజాల చుట్టూ లాక్కుని కూర్చున్నాను. ఆయన మాత్రం చెమటలో తడిసిపోతున్నారు. నుదుటి మీదినుంచి చుక్కలు జారి నామం చెదిరిపోయింది. చేతిలో నోటుపుస్తకం వణుకుతోంది.

"ఏయ్ పిల్లా, హోంవర్కు యాది? పోయిన బుధవారం ఇచ్చిందానికి ఇంతవరకూ..." అన్నారు నన్ను చూస్తూ. తర్వాతి మాట ముద్దగా వచ్చింది.

అప్పుడు గుర్తుపట్టాను. మా నాయన మునిరామయ్యకు పదిహేనేళ్లు షుగరు. అది పడిపోయినప్పుడల్లా ఇలాగే చెమట పట్టేది, ఇలాగే కారణం లేకుండా తిట్టేవాడు, అమ్మను ఎవరో అనుకునేవాడు. నోట్లో బెల్లం ముక్క పెడితే పది నిమిషాల్లో మళ్లీ మా నాయన అయ్యేవాడు. సత్యవేడులో నేను చూసిన పట్టీ మా ఇంట్లో గూట్లో ఉండే పట్టీ లాంటిదే.

"అమ్మా, సారుకు షుగరుందా?"

"పన్నెండేళ్లుగా ఉందమ్మా."

"పొద్దున వేసుకుంది దానికేనా?"

"దానికే. పోయిన వారం డాక్టరు పాతది తీసేసి పెద్ద మాత్ర ఇచ్చినాడు. ఒక్క పూట కూడా మానొద్దన్నాడు" అన్నారు. అంటూనే ఆవిడ గొంతు ఆగింది. తినకుండా వేసుకోమని డాక్టరు అనలేదన్నది అప్పుడే తట్టినట్టుంది. పాత మాత్రతో ఏకాదశులు గడిచాయి. ఈ మాత్రతో ఇదే మొదటి ఏకాదశి.

"ఇప్పుడే ఏదో ఒకటి తీపి తినాల. నిద్రలోకి పోతే ఇంక నోట్లో ఏం పెట్టలేం, పెట్టినా గొంతుకు అడ్డం పడతాది" అన్నాను.

ఏబెల్ పడవ మూలనుంచి ఒక కూల్‌డ్రింకు సీసా తీశాడు, సగం ఉంది. మూత తీసి ఆయన పెదవుల దగ్గర పెట్టాను. సార్ పళ్లు బిగించారు.

"ఏకాదశి" అన్నారు పళ్ల మధ్యనుంచి.

"ఇది మందే సార్. మందుకు దోషం లేదని మీరే కదా పొద్దున సెప్పినారు."

"మందు డాక్టరు ఇస్తాడు. పడవలో ఇవ్వరు." విసురుగా చెయ్యి ఊపారు. సీసా ఎగిరి పడవ అడుగున పడి, చేపల పొలుసుల మధ్య బుసబుసమని ఒలికిపోయింది. నేను తీసేసరికి మూతికి కూడా అంటనంత మిగిలింది.

ఏబెల్ డబ్బాలో చేపల పులుసు అన్నం ఉంది. అది ఎత్తే ధైర్యం మా ఇద్దరికీ లేదు. నా సంచి బోర్లించాను. దువ్వెన, బిల్లుల పుస్తకం, కారు తాళం, చివరికి ఒక కాగితం పొట్లం. కొండ లడ్డు. యాత్ర అయ్యాక దింపేటప్పుడు ప్రతి కుటుంబానికీ ఒకటి ఇస్తాను. నాకు ప్రాణం లేచొచ్చింది. తిరుపతిలో పుట్టినవాడు, అందునా వైష్ణవుడు, ప్రసాదం వద్దంటాడా?

"సార్, స్వామి ప్రసాదం" అని అరచేతిలో పెట్టాను.

ఆయన వద్దనలేదు. రెండు చేతులా తీసుకున్నారు. కళ్లకద్దుకున్నారు. వణికే వేళ్లతో ఉత్తరీయం కొస విప్పి, లడ్డును అందులో పెట్టి, చిన్న పిల్లవాడు మూట కట్టినట్టు శ్రద్ధగా ముడి వేశారు.

"రేపు... ద్వాదశి పారణకి" అన్నారు.

నాకు ఏడుపొచ్చింది. ఏకాదశి నాడు చేతికొచ్చిన ప్రసాదాన్ని కళ్లకద్దుకుని మర్నాటికి దాచుకుంటారని నాకు తెలియకపోలేదు. మా పక్కింటివాళ్లూ అంతే. తెలిసి కూడా ఆ క్షణంలో మర్చిపోయాను. ఆయన మర్చిపోలేదు. తానున్నది బడి అనుకుంటున్నారు, నన్నొక పిల్ల అనుకుంటున్నారు. తిథి మాత్రం మరవలేదు.

"నిద్దరొస్తా ఉండాది పంకజం" అన్నారు, ఆమె భుజంమీద తల వాలుస్తూ.

"నిద్రపోనియ్యొద్దమ్మా" అని అరిచాను. సార్ చెంపలు తట్టాను. కళ్లు తెరిచి, మళ్లీ మూశారు. ఏబెల్ నడుం లోతు బురదలో నిలబడి సిలువ గుర్తు వేసుకున్నాడు. నేను ఏడుకొండలవాణ్ని తలుచుకుని, వెంటనే ఆయనమీద కూడా కోప్పడ్డాను. నీ లడ్డే కదా స్వామీ, నీ తిథే కదా, నువ్వే తేల్చు.

పంకజవల్లిగారు భర్త ఉత్తరీయం కొస తీసుకుని, ముడి పళ్లతో పట్టి విప్పారు. లడ్డు తీశారు. సగానికి విరిచారు. సగం ముక్క తన నోట్లో పెట్టుకున్నారు.

ఆ నమిలే చప్పుడుకేనేమో ఆయన కళ్లు తెరిచారు. చాలాసేపు చూశారు. చూస్తున్నది అర్థమయ్యే కొద్దీ ఆ కళ్లలో భయం కనబడింది.

"పంకజం. ఏకాదశి" అన్నారు.

"ఏకాదశే" అన్నారు ఆవిడ, బుగ్గలో లడ్డుతోనే. "నా వ్రతం పోయింది. నలభై ఏడేళ్లదీ పోయింది. ఇంక వైకుంఠానికి మీరొక్కరే పోవాల. పోతారా నన్ను ఈడ వదిలేసి?"

ఆయన పెదవులు కొంచెం వదులయ్యాయి. ఆవిడ మిగిలిన సగంలోంచి కలకండ పలుకు ఏరి, చూపుడు వేలితో ఆయన నాలుక కిందికి నెట్టారు. ఇంకోటి. తర్వాత లడ్డును పొడి చేసి, తన సంచిలోంచి తీసిన తీర్థం గిన్నెలో మిగిలిన నీటిచుక్కలతో తడిపి, పిల్లలకు ఉగ్గు పెట్టినట్టు కొంచెం కొంచెంగా పెట్టారు. ఆయన మింగుతూ ఏడ్చారు. చెమటా కన్నీళ్లూ కలిసి చెంపలమీద నామం రంగు పారింది.

"అక్కా, తోద్దాం రా" అన్నాడు ఏబెల్.

చెప్పులు విప్పి దిగాను. బురద చల్లగా తొడదాకా పట్టుకుంది. నేను ఒకవైపు, వాడు ఒకవైపు, భుజాలు పెట్టి తోశాం. జానెడు కదిలితే ఊపిరి తీసుకుని మళ్లీ తోశాం. ప్రతిసారీ తల ఎత్తి ఆయన్ను చూశాను. పావుగంటకు ఆయన తనంతట తాను నిటారుగా కూర్చున్నారు. ఇంకో పావుగంటకు పడవ అడుగు బురద వదిలి నీళ్లమీద ఊగింది. మోటారు అందుకున్నప్పుడు ఏబెల్ ఎడమ భుజం దోక్కుపోయి నెత్తురు కారుతోంది.

సార్ దాన్నే చూస్తున్నారు. "నీ పేరేందప్పా?" అన్నారు.

"ఏబెల్ సార్."

"నీ సీసా ఒలకబోసినట్టుండానే."

"దాందేముంది సార్. అది నిన్నటిది" అన్నాడు వాడు.

నేను నా మాటకు సారును క్షమించమని అడగాలనుకున్నాను. మైల మాట. అడగలేదు.

ఒడ్డున ఆస్పత్రిలో నర్సు వేలు పొడిచి చూసింది. షుగరు అరవై నాలుగు. "తిన్నాక ఇదంటే, తినకముందు ఎంతుండిందో" అని తమిళమూ తెలుగూ కలిపి ముగ్గుర్నీ దులిపేసింది. గ్లూకోజు కలిపిన నీళ్లు లోటాతో ఇచ్చింది. డాక్టరమ్మ వచ్చి, ఈ పూట మళ్లీ ఆ మాత్ర వేయొద్దు, రెండు గంటలకోసారి ఏదో ఒకటి తినాలి, రేపే మీ డాక్టర్ని కలవండి అని రాసిచ్చింది. సార్ లోటా ఎత్తి గటగటా తాగారు. దారిలో రెండు అరటిపళ్లు కూడా తిన్నారు. తిరుపతికి వెనక్కి పోదామా అన్నాను. "పిల్లోడు గేటు దగ్గర ఎదురుసూస్తా ఉంటాడు" అన్నారు పంకజవల్లిగారు.

కారులో తడ ఊరు దాటాక సార్ గొంతు సవరించుకున్నారు.

"చూసినావా జయంతీ. నా కోసం ఎంత పుణ్యాన్ని వదులుకుందో ఈమె. నలభై ఏడేళ్ల పుణ్యం. ప్రాయశ్చిత్తం ఏదుంటే అది నేనే చేస్తాను. ఈమె పాపం ఈమెకు అంటనియ్యను."

అద్దంలో ఆవిడను చూశాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. వెడల్పాటి రోడ్లు, వరుసగా తెల్లటి షెడ్లు, నీలం చొక్కాల్లో షిఫ్టు మారుతున్న ఆడపిల్లలు. శ్రీ సిటీ గురించి నేను చెప్పే మాటలు చాలా ఉన్నాయి. ఒక్కటి కూడా చెప్పలేదు.

గేటు చేరేసరికి మూడూ ఇరవై. ఫ్యాక్టరీ చూసే గుంపు లోపలికి వెళ్లిపోయింది. పద్మనాభ్ మెడలో ఐడీ కార్డుతో పరుగెత్తుకొచ్చాడు. గేటు పక్కన సందర్శకుల క్యాంటీన్‌లో మమ్మల్ని కూర్చోబెట్టాడు. నేను దాచలేదు. సత్యవేడులో మాత్ర చూశానని, అడగలేదని, వద్దన్న పడవ ఎక్కించానని, అన్నీ వరసగా చెప్పాను. అతని ముఖం తెల్లబోయింది.

"మీరు అడిగి ఉండాల్సింది" అన్నాడు.

"అవును" అన్నాను.

"నేనూ చెప్పి ఉండాల్సింది. మాత్ర మారిన సంగతి నాకు తెలుసు" అని నాన్న చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడు పంకజవల్లిగారు అన్నారు. "పద్మనాభా, ఈడ అన్నం పెడతారా?"

"నాన్నకా? పెరుగన్నం తెస్తానమ్మా."

"నాకు."

అతను తల్లిని చూసి, తండ్రిని చూసి, లేచి వెళ్లాడు. తండ్రికి పెరుగన్నం, తల్లికి గళ్ల పళ్లెంలో అన్నం, సాంబారు, బీన్స్ కూర, అప్పడం తెచ్చాడు. ఆవిడ కొంగు నడుముకు దోపుకుని కలుపుకున్నారు. పెద్ద ముద్దలు. తలెత్తలేదు. ఫ్యాక్టరీ పిల్లలు తినేటట్టు తిన్నారు. అప్పడం విరిచిన చప్పుడు మా బల్ల మొత్తానికి వినిపించింది. సార్ ముందున్న పెరుగన్నంలో చెంచా అలాగే నిలబడి ఉంది.

"పంకజం, నా కోసం ఒకసారి తిన్నావు, సరే. ఇంక చాల్లే. మిగతా పొద్దయినా ఉపవాసం ఉంటే..." అన్నారు మెల్లగా.

"మీ కోసం తిన్నది పడవలో" అన్నారు ఆవిడ. "ఇది నా కోసం."

ఆయనకు వెంటనే అర్థం కాలేదు. ఆవిడ పళ్లెంవైపు, ఆవిడ వేళ్లవైపు చూశారు. చరిత్ర పుస్తకంలో రెండు వాక్యాలు చదివి ఊరు తెలుసనుకున్న మనిషి ఆ రోజు రెండోసారి అసలు ఊరు చూస్తున్నారు.

"నీకు ఆకలేసేదా?" అన్నారు.

"వేసేది."

"ఏకాదశికా?"

"ప్రతి ఏకాదశికీ. పద్మనాభం కడుపులో ఉన్నప్పుడు కళ్లు తిరిగి వంటింట్లో పడినాను. మీరు బడికి పోయినారు."

"నాకు చెప్పలేదే."

"మీరు అడగలేదే." ఆ మాటలో కోపం కూడా లేదు. చివరి ముద్ద నోట్లో పెట్టుకుని, ఖాళీ పళ్లెంలో వేలితో సాంబారు గీశారు.

దేవనాథన్‌గారు లేచారు. పద్మనాభ్ "నాన్నా, నేను తెస్తాను, మీరు కూర్చోండి" అని భుజం పట్టుకుంటే, చెయ్యి తీసేశారు. భార్య ముందునుంచి ఆ ఎంగిలి పళ్లెం రెండు చేతులతో ఎత్తారు. పొద్దుటి ఇస్త్రీ పంచెమీద పడవ మరకలు, ముఖంమీద చెదిరిన నామం. నీలం చొక్కాల వెనక వరుసలో పోయి నిలబడ్డారు. ముందున్న పిల్ల జరిగి దారి ఇవ్వబోతే వద్దన్నారు. తన వంతు వచ్చినప్పుడు పళ్లెం ముందుకు చాపారు.

"మా ఇంటామెకు" అన్నారు. "కొంచెం ఎక్కువ పెట్టు నాయనా."